బీరపందిరి మీద యథాతథ స్థితి

మా ఊరి మునిసిపల్ కమిషనర్ గారి కారు ఒక పెళ్లిపందిరి ముందు ఆగిపోవడం వల్ల మా ఇంట్లో బీరకాయ కూర ఆగిపోయింది. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. మునిసిపాలిటీ వారు రాతపూర్వకంగా జవాబిచ్చారు.

వైశాఖంలో ఎవరో బజారు వీధికి అడ్డంగా పెళ్లిపందిరి వేశారు. కమిషనర్ గారి కారు ముందుకు పోలేక, వెనక్కి రాలేక, సన్నాయి మేళానికీ ఐస్‌క్రీమ్ బండికీ మధ్య ఇరుక్కుంది. పెళ్లివారు మర్యాదస్తులు. ఆయన్ని దింపి, కుర్చీ వేసి, పన్నీరు చల్లి, "తమరు మగపెళ్లివారి తరపా, ఆడపెళ్లివారి తరపా?" అని అడిగారు. ఆయనకి కోపం నషాళానికి అంటింది. మర్నాడే ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట పురపాలక పరిధిలో అనుమతి లేకుండా ఎవరూ పందిరి వెయ్యకూడదు. పందిరి అంటే ఏమిటో కూడా అందులో విడమరిచి రాశారు. "నాలుగు గానీ అంతకు మించి గానీ నిలువు ఆధారములు కలిగి, పైన అడ్డకట్టు కలిగి, క్రింద మనుష్యులు నిలుచుటకు వీలైన ప్రతిదియు పందిరి అనబడును."

ఆ వాక్యం రాసింది మా ఆయన.

మా ఆయన పేరు త్రిమూర్తులు. మునిసిపల్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. చాలా మంచివారు. లంచం ఎరగరు, లౌక్యం అంతకన్నా ఎరగరు. కాఫీలో పంచదార తక్కువైతే గ్లాసు నా వైపు జరిపి "పునఃపరిశీలించగలరు" అంటారు. అలాంటి మనిషిని కమిషనర్ గారు ఊరికే వదులుతారా? కొత్తగా 'పందిళ్ల నియంత్రణ విభాగం' అని ఒకటి పెట్టి, దానికి ఈయన్ని ఇన్‌చార్జిని చేశారు. నెలకి ఇన్ని పందిళ్లు నమోదు చేసి తీరాలని లక్ష్యం కూడా పెట్టారు.

విభాగం మొదలయ్యేసరికి ఆషాఢం వచ్చిపడింది. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, గృహప్రవేశాలు లేవు. ఊరంతా గాలించినా ఒక్క పందిరి కనబడలేదు. లక్ష్యానికి మూఢం, ఆషాఢం ఉండవు కదా. మా ఆయన భోజనం దగ్గర కూడా పరధ్యానంగా ఉండేవారు. ఒకరోజు అలాగే మజ్జిగన్నం కలుపుతూ కిటికీలోంచి పెరట్లోకి చూశారు. చూసి, కలపడం ఆపేశారు. నాకు ఆ చూపు నచ్చలేదు.

పెరట్లో నా బీరపందిరి ఉంది.

తొలకరికి గింజలు పెట్టాను. వెదురుగెడలు నాటి, కొబ్బరితాడు అల్లి, తీగని నేనే చేత్తో పట్టుకుని పైకి పాకించాను. దీపాలవేళకి పందిరంతా పచ్చటి పూలు విచ్చుకుంటున్నాయి. అప్పుడప్పుడే పిందెలు దిగుతున్నాయి. బజారు బీరకాయ ఎక్కడో కోతపడి, గోనెలో కుక్కించుకుని, లారీలో దొర్లి దొర్లి మన దాకా వచ్చేసరికి దాని లేతదనం కాస్తా దారిలోనే దిగిపోయి ఉంటుంది. పెరట్లో కోసి నేరుగా కత్తిపీట మీదకి తెచ్చిన కాయ సంగతి వేరు. నీళ్లు పొయ్యక్కర్లేదు, తన నీళ్లతో తనే ఉడుకుతుంది. దించే ముందు గ్లాసుడు పాలు పోస్తే చాలు. చెక్కిన పొట్టు కూడా పారెయ్యను. పచ్చిమిరపకాయలూ చింతపండూ వేసి రోట్లో పచ్చడి నూరతాను. అయితే బీరకాయకి వయసు ముఖ్యం. గోరు గుచ్చితే దిగాలి. నాలుగు రోజులు ఆలస్యమైతే లోపల పీచు కట్టేస్తుంది. ఆ తర్వాత దాంతో వీపు రుద్దుకోవడమే. కాబట్టి ఆ నాలుగు రోజుల కోసమే నేను ఇన్నాళ్లుగా కాచుకుని ఉన్నాను.

మర్నాడు మా ఆయన పెరటి గుమ్మంలోంచి కాకుండా వీధి గుమ్మం దగ్గర నిలబడి తలుపు కొట్టారు. చేతిలో టేపు, చంకలో ఫైలు.

"ఈ ఇంటి యజమాని ఎవరండీ?"

"మీరే కదండీ."

"ఆ విషయం ఈ విచారణకి అనవసరం. పందిరి వేసిందెవరు?"

"నేను."

"అయితే మీరు అర్జీదారు."

"నేనేం అర్జీ పెట్టలేదే?"

"పెడతారు."

ఇంట్లో నన్ను 'సత్యా, నువ్వు' అనే మనిషి ఆఫీసు పని మీద వస్తే 'మీరు' అంటారని నాకు ఆ రోజే తెలిసింది. గెడలు లెక్కపెట్టారు. నాలుగుకి మించి ఉన్నాయి. అడ్డకట్టు ఉంది. కింద తానే నిలబడి చూసుకుని, మనుష్యులు నిలుచుటకు వీలున్నదని రాసుకున్నారు. తర్వాత పందిరి ఎందుకు వేశారో చెప్పమన్నారు. వివాహమా, ఉపనయనమా, సంస్మరణ సభా, రాజకీయ సభా, ఇతరములా?

"బీరకాయల కోసం."

"అది ఇతరముల్లోకి వస్తుంది. ఇతరములకి పై నుంచి అనుమతి రావాలి. ఆలస్యమవుతుంది."

"ఏది తొందరగా అవుతుంది?"

"వివాహం."

"అయితే వివాహమే రాయండి. తుమ్మెదలు సరిగా రావట్లేదని రోజూ సాయంత్రం మగపువ్వు తెంపి ఆడపువ్వుకి నేనే అద్దుతున్నా."

నేను వేళాకోళానికి అన్నాను. ఆయన శ్రద్ధగా రాసుకుని తలెత్తారు.

"వధూవరుల వయసు?"

"ఇవాళ దీపాలవేళకి విచ్చుకుంటాయండి."

"అంటే ఒక్కరోజు కూడా నిండలేదు." ఆయన కలం ఆగిపోయింది. "ఇది బాల్యవివాహం అవుతుంది. జరిపించినవాళ్ల మీద కేసు పెట్టాలి. ఈ మాట నేను వినలేదనుకుంటాను."

వివాహం కొట్టేసి ఇతరములు అని రాశారు. మొగుడన్నాక ఆ మాత్రం సాయం చేస్తారు మరి.

ఒక్క మా ఇంటితో ఆగితే నేను సరిపెట్టుకునేదాన్ని. వీధంతా దొండపందిళ్లు, కాకరపందిళ్లు, ఆనపపందిళ్లు నమోదైపోయాయి. పక్కింటి మంగతాయారు పిన్నిగారికి పొట్లపందిరి ఉంది. పొట్లకాయలు వంకర తిరగకుండా సాఫీగా సాగడానికి ఆవిడ ఒక్కోదాని చివర ఒక్కో రాయి కట్టింది. అగ్నిమాపక శాఖ తరపున తనిఖీకి వచ్చిన అధికారి ఆ రాళ్లని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ప్రజల శిరస్సులపై భారములు వ్రేలాడుచున్నవి," అని పక్కనున్న గుమాస్తాకి చెప్పి రాయించాడు.

"ప్రజలెవరు బాబూ? దీని కిందకి నేనొక్కదాన్నేగా వెళ్లేది," అంది పిన్నిగారు.

"మీరు ప్రజలు కారా?"

పిన్నిగారు తన నెత్తి తడిమి చూసుకుంది. పొట్లపందిరి కిందకి వెళ్లేవాళ్లు విధిగా హెల్మెట్ ధరించాలని ఆదేశమిచ్చాడు. అది మొదలు పిన్నిగారు తన కొడుకు హెల్మెట్ పెట్టుకుని పొట్లకాయలకి నీళ్లు పోస్తోంది. ఆ కొడుకేమో బండి మీద బోడితలతో వెళ్లి పోలీసులకి పట్టుబడ్డాడు. మా పందిరికి కూడా అధికారి కొన్ని షరతులు పెట్టాడు. ఇసుక బకెట్లు పెట్టించాడు. గెడకి ఒకపక్క 'ప్రవేశము', ఇంకోపక్క 'అత్యవసర నిష్క్రమణ' అని అట్టలు కట్టించాడు. మా బీరతీగ 'ప్రవేశము' వైపు నుంచి బయటకి పాకుతోందని మా ఆయన దాన్ని రెండుసార్లు మళ్లించారు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. 'ఇతరములు' ఫైలు పోలీసులకి, తోటలవారికి, లాయరు గారికి వెళ్లింది. అభిప్రాయాలన్నీ వచ్చి నిర్ణయం వెలువడేదాకా పందిరి మీద యథాతథ స్థితి పాటించాలని కమిషనర్ గారు ఉత్తర్వు వేశారు. అంటే పందిరికి ఏదీ కలపకూడదు, పందిరి నుంచి ఏదీ తియ్యకూడదు. సరిగ్గా మొదటి కాయలు కోతకి వచ్చిన రోజున ఆ కాగితం వచ్చింది. తెచ్చినవారు మా ఆయనే. గెడల చుట్టూ ఎర్రరిబ్బను చుట్టి, ముడి మీద లక్క వేసి వెళ్లారు.

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. చేతికందేంత ఎత్తులో నవనవలాడుతూ వేలాడుతున్నాయి. ఉండబట్టలేక ఒకదాన్ని గోటితో గుచ్చి చూశాను. వెన్నలో దిగినట్టు దిగింది. కోసుకోలేదు. లోపలికి వచ్చేశాను.

మర్నాడు తనిఖీకి వచ్చినప్పుడు మా ఆయన ఆ కాయ దగ్గర ఆగిపోయారు.

"అర్జీదారు గారూ, దీని మీద గోటి గుర్తు ఉంది."

"ఉంటే?"

"సాక్ష్యాన్ని తారుమారు చేసినట్టు." ఆగి, టేపు తీసి కాయని కొలిచారు. నిన్నటి కొలతతో సరిచూసుకున్నారు. ఆయన మొహం పాలిపోయింది. "పైగా ఇది పెరిగింది."

"కాయ పెరగదా అండీ?"

"యథాతథ స్థితిలో ఉండగా ఎలా పెరుగుతుంది? ఉత్తర్వు ధిక్కారం కదా?"

ఆ సాయంత్రమే నోటీసు వచ్చింది. తుది నిర్ణయము వెలువడు వరకు కాయల పెరుగుదలను నిలుపుదల చేయవలసిందిగానూ, నిలుపుదల చేయనిచో కారణములు తెలుపవలసిందిగానూ. కారణాల దగ్గర 'వానలు' అని రాసి పంపాను. వానల శాఖ మునిసిపాలిటీ కింద లేదు కాబట్టి ఆ ఫైలు ఎటు పంపాలో తెలియక కొన్నాళ్లు ఆగింది. కాయలు మాత్రం ఆగలేదు. మొదటి విడత కాయలన్నీ నా కళ్ల ముందే ముదిరి, బిగిసి, పీచు కట్టాయి.

ఇంట్లో మటుకు బెండకాయ కూర, లేకపోతే గోంగూర పచ్చడి. బెండమొక్క ఒంటికాలి మీద నిలబడుతుంది, గోంగూర సరేసరి. రెంటికీ పందిరి అక్కర్లేదు కాబట్టి చట్టానికి దొరకలేదు. రోజూ అవే వడ్డించాను.

"సత్యా, ఇవాళ కూడా బెండకాయేనా?" ఇంటికొచ్చాక ఆయన మళ్లీ మామూలు మనిషే.

"అవునండి."

"నువ్వు చేసే ఆ పాలు పోసిన కూర..." అని కిటికీలోంచి చూసి గుటక వేశారు.

"మీ ఆఫీసులో ఎవరో యథాతథ స్థితి పెట్టారండి."

"ఉత్తర్వు కమిషనర్ గారిదే, కానీ రాసింది నేనే," అన్నారు దిగులుగా. "మరి రూలు కదా." నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. బెండకాయ మాత్రం మార్చలేదు.

ఇంతలో లక్ష్యం నెరవేరింది. నెరవేరడమే కాదు, మించిపోయింది. జిల్లా మొత్తం మీద ఆషాఢంలో ఇన్ని పందిళ్లు నమోదైన ఊరు ఇంకోటి లేదని కమిషనర్ గారికి ప్రశంస వచ్చింది. దాంతోపాటు ఆడిట్ వారి ప్రశ్న కూడా వచ్చింది. ఇన్ని పందిళ్లున్నాయి, బాగానే ఉంది, మరి వాటిలో జరిగిన కార్యక్రమములు ఏవి? కార్యక్రమం లేని పందిరి నిష్ప్రయోజన పందిరి అవుతుందట. దానికి బాధ్యులెవరో తేల్చాలట.

ఆఫీసులో గగ్గోలు పుట్టింది. ఎక్కడో ఒకచోట, ఏదో ఒక కార్యక్రమం వెంటనే జరిపించాలి. బాధ్యత గల ఉద్యోగి పెరట్లో ఉన్నది కాబట్టి మా పందిరిని ఎంపిక చేశారు. 'పందిళ్ల నియంత్రణలో సాధించిన ప్రగతి' మీద సమీక్షా సమావేశం. ఆ సమావేశానికి మాత్రం అనుమతి ఒక్క పూటలో వచ్చేసింది. నిర్వాహకురాలు శ్రీమతి సత్యవేణి అని అందులో నా పేరు రాసి, వెనక షరతులు అచ్చు వేశారు.

ఆ రాత్రి మా ఆయన కుర్చీల లెక్క చూసుకుంటుంటే నేను ఆ షరతులు చదువుకున్నాను. అవి అన్ని పందిళ్లకీ వేసే మామూలు షరతులే. ఒకచోట నా చూపు ఆగింది. ఆహూతులకు భోజన వసతి నిర్వాహకులే కల్పించవలెను. దాని కింద, కార్యక్రమము ముగిసినట్లు ప్రకటించిన తక్షణమే పందిరికి వ్రేలాడు అలంకరణలన్నింటినీ నిర్వాహకులే తొలగించవలెను. రెండోసారి చదివాను. పెరట్లోకి వెళ్లి టార్చి వేసి చూశాను. రెండో విడత కాయలు సరిగ్గా అదునులో ఉన్నాయి. రేపు కొయ్యకపోతే ఇవీ పీచే. వచ్చి కత్తిపీట కడిగి పెట్టుకున్నాను. మంగతాయారు పిన్నిగారి గోడ దగ్గరకి వెళ్లి, పొద్దున్నే రోలు ఖాళీగా ఉంచమని చెప్పాను.

సమావేశం రోజున పందిరి కింద కుర్చీలు వేశారు. మైకు పెట్టారు. ఆఫీసులో అన్ని విభాగాల వాళ్లూ వచ్చి, 'ప్రవేశము' అట్ట వైపు నుంచి వరసగా లోపలికి వెళ్లారు. కమిషనర్ గారు పొడగరి. ఆయన మాట్లాడ్డానికి లేచి నిలబడేసరికి ఒక నిండు బీరకాయ సరిగ్గా ఆయన ముక్కుకీ మైకుకీ మధ్యకి వచ్చింది.

"సోదర సోదరీమణులారా! పందిరి అనునది..." అని మొదలుపెట్టి, అడ్డు తొలగించడానికి చెయ్యెత్తారు.

మా ఆయన కుర్చీలోంచి ఎగిరి లేచారు. "సార్! ముట్టుకోకండి సార్! యథాతథ స్థితి!"

"ఎవరిదయ్యా ఆ ఉత్తర్వు?"

"తమదే సార్."

కమిషనర్ గారు చెయ్యి దించారు. మెడ పక్కకి వంచి, బీరకాయ భుజం మీదుగా మైకులోకి ప్రసంగించారు. నియంత్రణ లేని పందిరి నాగరికతకి ఎంత ప్రమాదమో చెప్పారు. మధ్యమధ్య ఆవేశంలో మెడ నిలబెట్టి, మైకనుకుని కాయలోకే మాట్లాడేవారు. అప్పుడు మాకు ఏమీ వినబడేది కాదు. వినబడినప్పుడూ వినబడనప్పుడూ కూడా అందరూ చప్పట్లు కొట్టారు. నేను వెనక వరసలో బుట్ట ఒళ్లో పెట్టుకుని, ఒక్క మాట కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను.

చివరికి మా ఆయన వందన సమర్పణ చేశారు. "ఇంతటితో కార్యక్రమము ముగిసినది," అన్నారు.

నేను కత్తితో లేచాను. పిన్నిగారు హెల్మెట్‌తో లేచింది. మా వీధి ఆడవాళ్లు నలుగురు గోడ అవతల నుంచి బుట్టలతో దిగారు. ముందు కమిషనర్ గారి ముక్కు దగ్గరున్న దాన్నే కోశాను.

"ఏంటమ్మా ఇది! ఏం చేస్తున్నారు?"

"అలంకరణలు తొలగిస్తున్నామండి. తక్షణమే అని రాశారు కదా," అని కాగితం ఆయన చేతిలో పెట్టాను.

ఆయన చదివి మా ఆయన వైపు చూశారు. మా ఆయన నా చేతిలోని కాయ వైపు చూసి, గుటక వేసి, "రూలు ప్రకారం సరిగ్గానే ఉంది సార్," అన్నారు. పెళ్లయ్యాక ఆయన నాకు అంత ముద్దొచ్చింది అప్పుడే.

అప్పుడే వాన కూడా మొదలైంది. ఆషాఢపు వాన, ఒక్కసారిగా కుమ్మేసింది. పందిరి కిందున్నవాళ్లంతా నిలువునా తడిశారు.

"ఇదేం పందిరయ్యా, ఇంతలా కారుతోంది?" అని అరిచారు కమిషనర్ గారు.

"బీరపందిరి సార్. పైన ఆకులే ఉంటాయి."

"మరి పందిరని నమోదు చేశావేం?"

"నిర్వచనంలో కప్పు సంగతి లేదు సార్."

అందరూ 'అత్యవసర నిష్క్రమణ' అట్ట వదిలేసి ఎటు దారి దొరికితే అటు మా వసారాలోకి పరిగెత్తారు. తడిసినవాళ్లకి తువ్వాళ్లిచ్చి, పొయ్యి వెలిగించాను. మూకుడు పెట్టి తిరగమోత వేశాను. ఎండుమిరపకాయలు, ఆవాలు, జీలకర్ర చిటపటలాడాయి. బీరకాయ ముక్కలు వెయ్యగానే చుయ్యిమని కూర్చుని, కాసేపటికి తమ నీళ్లలో తామే మెత్తబడ్డాయి. పక్క పెరట్లో రోలు మోగింది. పచ్చడికి పొట్టు వేగుతున్న వాసన వసారాలోకి వెళ్లగానే అక్కడి కబుర్లు ఆగిపోయాయి. పిన్నిగారు పొట్లకాయ పెరుగుపచ్చడి చేసి తెచ్చింది. కూరలో పాలు పోసి దించి విస్తళ్లు వేశాను.

కమిషనర్ గారు మొదటి ముద్ద తిని కళ్లు మూసుకున్నారు. రెండో ముద్దకి పచ్చడి నంజుకున్నారు. ఆ తర్వాత తల ఎత్తలేదు. మా ఆయన మటుకు తినకుండా ఆయన పక్కనే నిలబడి ఉన్నారు. వివాదంలో ఉన్న వస్తువుని విచారణాధికారి తినకూడదట.

"సార్, ఈ బీరకాయలని వివాదంలోంచి తొలగించినట్టు ఏ పద్దు కింద రాయమంటారు?" అని మెల్లిగా అడిగారు.

"భోజనాల దగ్గర ఆఫీసు విషయాలేంటయ్యా!" అని కసిరారు కమిషనర్ గారు. "అమ్మా, కాస్త కూర."

చెయ్యి కడుక్కుంటూ ఆయనే దారి కనిపెట్టారు. నిర్వచనానికి చివర 'వానకు తడవనిది' అని ఒక మాట చేర్చమన్నారు. ఆ ఒక్క మాటతో ఊళ్లో కూరగాయల పందిళ్లన్నీ పందిళ్లు కాకుండా పోయాయి. గుడ్డ వానకి తడుస్తుంది కాబట్టి ఆ లెక్కన తమ షామియానాలు కూడా పందిళ్లు కావని షామియానా వాళ్లు స్వీట్లు పంచుకున్నారట. అది మళ్లీ వేరే విభాగం చూసుకుంటుంది.

అందరూ వెళ్లాక వాన వెలిసింది. మా ఆయన గెడల మీది ఎర్రరిబ్బను విప్పి, లక్క గీకి, అట్టలు తీసేశారు. పందిరి మీద కొత్తపూలు అప్పుడే విచ్చుకుంటున్నాయి. చేతులు కడుక్కుని వంటింటి గుమ్మం దగ్గరకి వచ్చి, కాసేపు గోడ పట్టుకుని నిలబడ్డారు. పొద్దున్నుంచీ ఆ మనిషి పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు.

"సత్యా, ఆ కూర ఏమైనా మిగిలిందా?"

మిగిలింది. మూత పెట్టి ఆయన కోసమే దాచాను. కానీ ఇన్నాళ్లు తిన్న బెండకాయ నన్ను ఊరుకోనివ్వలేదు.

"దరఖాస్తు పెట్టుకోండి. పరిశీలిస్తాం," అన్నాను.

ఆయన నిజంగానే జేబులోంచి పెన్ను తీసి, కాగితం కోసం అటూ ఇటూ చూశారు. నేను ఆ పెన్ను లాక్కుని, కంచం చేతిలో పెట్టాను.